కుమ్మేయండి అని రాస్తే లైసెన్సా?

మా పెళ్లయి ముప్పై నాలుగు రోజులు. ఆర్మూర్‌లో మేముండే రెండు గదుల ఇంట్లో నాకు ఇంకా ప్రతిదీ వింతే. మా ఆయన సంతోష్ చాయ్ తాగేముందు కప్పులోకి చూసి ఒకసారి నవ్వుతాడు. తాళం వేశాక తలుపును మూడుసార్లు గుంజి చూస్తాడు. ఇది పసుపు సీజను కదా, మార్కెట్ యార్డుకు పోయే బండ్ల నుంచి లేచిన పసుపు దుమ్ము మా వీధి మీదే పడుతుంది. పొద్దున ఉతికి ఆరేసిన ఆయన తెల్ల బనియన్లు సాయంత్రానికల్లా మళ్లీ పెళ్లికొడుకు బనియన్లు అవుతాయి.

ఇవన్నీ రోజూ ఫోన్‌లో చెప్పి మంగవ్వ చిన్నమ్మ ప్రాణం తీస్తుంటే, ముప్పై నాలుగో రోజున ఆమె నన్ను ఆపింది.

"నీ మొగని బనియన్ల ముచ్చట తర్వాత చెప్పుదువు గని, ఆయన రాసిన గా వంతుల ప్రోగ్రాం మా సంఘానికి గావాలె."

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. భీమ్‌గల్‌లో ఎకరంన్నర పసుపు వేస్తుంది. అక్కడి రైతుల సంఘానికి ఉన్నది ఒక్కటే బాయిలర్. ట్రాక్టర్ వెనక తగిలించుకుని చేను చేనుకూ తిరిగి పసుపు ఉడకబెడుతుంది. తవ్విన పసుపును కొద్ది రోజుల్లోనే ఉడకబెట్టాలి, లేకపోతే కొమ్ములు పాడవుతాయి. నిరుడు బాయిలర్ ఎవరి చేనుకు ముందు పోవాలన్నది గొంతు పెద్దగా ఉన్నవాళ్లు తేల్చారు. చిన్నమ్మ గొంతు చిన్నదేమీ కాదు, కానీ ఆమె వెనక నలుగురు మగవాళ్లు లేరు. ఆమె కుప్ప పద్దెనిమిది రోజులు చేన్లోనే పడి ఉంది. సగం కుళ్లింది.

"సోమవారం తవ్వుడు మొదలు వెడుతున్న. ఈయేడు గూడ గట్లనే అయితె పసుపు బంద్ జేసి మక్కలేస్త," అంది. నవ్వుతూ అనలేదు.

సంతోష్ డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాడు. రెండేళ్ల కింద ఆర్మూర్ రైతుల కోసం 'వంతు' అనే ప్రోగ్రాం రాశాడు. ఎవరు ఎప్పుడు తవ్వారో ఫోన్‌లో పెడితే, బాయిలర్ ఎవరి దగ్గరికి ఎప్పుడు పోవాలో అది చెబుతుంది. గొంతు ఎంత పెద్దదో అడగదు. దాని కోడ్ మొత్తం అందరికీ కనిపించేలా నెట్‌లో పెట్టాడు. ఆ పేజీ చివర సొంతంగా ఒక వాక్యం రాశాడు: "ఫుల్ ఫ్రీ. కుమ్మేయండి."

అది చూసి నేను మురిసిపోయాను. ఎంత పెద్ద మనసు నా మొగుడిది! కొత్తగా పెళ్లయిన ఆడది దేనికైనా మురుస్తుంది.

బుధవారం ఇద్దరం స్వీట్ల డబ్బా పట్టుకుని బస్సెక్కి భీమ్‌గల్ పోయాం. ఆదివారం మీటింగ్‌లో సంఘం సరే అంటే సోమవారం నుంచి వంతులు మొదలు. సంఘం కార్యదర్శి గంగాకిషన్ సార్ ముప్పై ఏళ్లు తహసీల్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. స్వీటు తిన్నాడు, చెయ్యి తుడుచుకున్నాడు, ఫోన్‌ను మొహానికి దూరంగా పెట్టి చదివాడు.

"కుమ్మేయండి," అన్నాడు. మళ్లీ చదివాడు. "అంటే?"

"అంటే వాడుకోండని సార్," అన్నాడు సంతోష్.

"వాడుకునుడే నా? మాకు తగ్గట్టు మార్చుకోవచ్చునా? పక్క మండలమోళ్లకు ఇయ్యొచ్చునా? నడిమిట్ల ఆగిపోయి ఎవలిదన్న పసుపు కరాబైతె జిమ్మెదార్ ఎవలు? గివన్ని ఒక్క కుమ్ముడులనే ఉన్నయా?"

చిన్నమ్మకు చిర్రెత్తింది. "అల్లుడు కండ్ల ముంగట గూసోని తీస్కోమంటుండు. ఇంక కాయిదమెందుకన్నా?"

"కల్లం జాగ గూడ గట్లనే కండ్ల ముంగట గూసోని ఇచ్చిండు," అన్నాడాయన.

ఆ కల్లం కథ నాకు తర్వాత తెలిసింది. పసుపు ఆరబోసుకోవడానికి ఒక పెద్దమనిషి సంఘానికి తన జాగాను నోటిమాటగా ఇచ్చాడట. ఆరేళ్లు అందరూ అక్కడే ఆరబోశారు. ఆయన పోయిన పదకొండు రోజులకు కొడుకులు చుట్టూ ముళ్లతీగ కట్టారు. సంఘం పసుపు తీగ లోపల, సంఘం తీగ బయట. అప్పటి నుంచి ఆ సంఘం రాతకోత లేకుండా తట్ట కూడా తీసుకోదు.

"కని నెట్‌ల అందరికి కనవడేటట్టే పెట్టిన కద సార్," అన్నాడు సంతోష్.

"మా ఇంట్ల నిమ్మచెట్టు గూడ రోడ్డు మీదికి కనవడుతది. కోస్క పొమ్మన్ననా? మంగవ్వ చెప్పిన్నాడే వకీల్‌ను అడిగిన నేను. లైసెన్స్ అని అనుమతి రాయకపోతె హక్కులన్ని రాసినోనియేనట. చూడొచ్చు, ముట్టొద్దు."

"అయితె ఇప్పుడే రాసిస్త సార్."

"రాయి. ప్రోగ్రాం మొత్తం నువ్వొక్కనివే రాసినవా?"

ఫోన్ మీదికి పోయిన సంతోష్ వేలు గాల్లోనే ఆగింది. "కొద్దిగ... జయరాజ్ అని మా దోస్తు రాసిండు."

"గాయన రాసింది గాయనది. గాయన ఒప్పుకున్నట్టు గూడ రాత గావాలె. ఆదివారం లోపట తెండ్రి."

తిరుగు బస్సులో సంతోష్ మొహం చూస్తే నవ్వు, జాలి రెండూ వచ్చాయి. "అడుగుతె అయిపాయె కద?" అన్నాను.

"వాడు నాతోని మాట్లాడ్తలేడు," అన్నాడు. "మన పెండ్లి ఫ్లెక్స్ యాదికుందా?"

ఎందుకు లేదు! ఫంక్షన్ హాల్ గేటంత ఫ్లెక్స్. మధ్యలో మేమిద్దరం, చుట్టూ 'శుభాకాంక్షలతో మిత్రబృందం' అని నలభై ఒక్క మొహాలు. ఒకాయన మొహం రెండుసార్లు పడింది. ఇంకో మొహం ఎవరిదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. జయరాజ్ మొహం మాత్రం లేదు. డిగ్రీలో మూడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్న జయరాజ్. ఆయన గేటు దగ్గర నిలబడి ఫ్లెక్స్ మొత్తం చదివి, లోపలికొచ్చి, కవరు చేతిలో పెట్టి, బరాత్‌కు ఉండకుండా తన ఊరు ఆలూర్ పోయాడు. ఆ రోజు నుంచి ఫోన్ ఎత్తడు.

"వాని ముక్క నేనే మళ్ల రాస్త. గదేమన్న పెద్ద పనా?" అన్నాడు సంతోష్.

పెద్ద పనే. తవ్వేందుకు కూలీలు దొరక్క వంతు తప్పినవాళ్లను మొదట్లో ప్రోగ్రాం వరుస చివరికి తోసేసేది. జయరాజ్ దాన్ని మార్చి, తప్పినవాళ్లు రెండు వంతులే వెనక్కి పోయేలా రాశాడు. వినడానికి ఇంతే. కానీ ఒకరు వెనక్కి జరిగితే మిగతా అందరి తేదీలూ కదులుతాయి. సంతోష్ రెండు రోజులు కుస్తీ పట్టాడు. శుక్రవారం సాయంత్రం చిన్నమ్మ పేరుకు ఇంకొన్ని ఉత్తుత్తి పేర్లు కలిపి నడిపి చూస్తే చిన్నమ్మ వంతు దసరా నాడు పడింది.

"జర బాగనే నడిచింది," అన్నాడు.

"నడిచి నడిచి ఆరు నెలలు దాటింది," అన్నాను. "పొద్దుగాల బండి తియ్యి. ఆలూర్ పోదాం."

శనివారం పొద్దున పోయాం. జయరాజ్ ఇంటి ముందు రేకుల షెడ్డులో బోరు మోటార్లు రిపేర్ చేస్తాడు. కోడ్ రాయడం ఆయనకు సరదా. తల ఎత్తకుండా ఒక మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు.

"అరే జయరాజ్," అన్నాడు సంతోష్.

"ఎవలు?"

"నేనురా, సంతోష్‌ను."

"ఏ సంతోష్? ఫొటో ఉందా?"

వాళ్లమ్మ ఆశమ్మ లోపల్నుంచి పరుగున వచ్చింది. "గదేం మాటరా, కొత్త కోడలు గుమ్మంల నిలవడ్డది! రా బిడ్డా." నా తలమీద చెయ్యి పెట్టి మా కాపురం కోసం అక్కడికక్కడే ప్రార్థన మొదలుపెట్టింది. మా ఆరోగ్యం, సంతోష్ ఉద్యోగం, పుట్టబోయే పిల్లలు, వాళ్ల చదువులు, అన్నీ వచ్చాయి. ఆమె ఆమెన్ అనేదాకా షెడ్డులో ఇద్దరూ కళ్లు మూసుకుని నిలబడ్డారు. తెరిచాక కొట్లాట ఆగిన చోటి నుంచే మొదలైంది. సంతోష్ మంగవ్వ చిన్నమ్మ సంగతి, సంఘం అడిగిన రాత సంగతి గబగబా చెప్పేశాడు.

"నా కోడ్ తీసేసి వాడుకోపోరి," అన్నాడు జయరాజ్.

"తీసి చూసినం అన్నా. మా చిన్నమ్మకు దసరాకు వంతొచ్చింది," అన్నాను.

ఆయన మూతి నవ్వబోయి సర్దుకుంది. "ఫ్లెక్స్ మీద అక్కెర లేనోడు కోడ్‌ల మాత్రం ఎందుకు చెల్లె? గా మూడో వరుసల కండ్లద్దాలోడు ఎవడు? పావుగంట నిలవడి చూసిన. వాడు నాకంటె దగ్గరోడా?"

"నాకు తెల్వదురా. దివ్య తరఫోడనుకున్న," అన్నాడు సంతోష్ నన్ను చూపిస్తూ.

"మేం మీ తరఫు అనుకున్నం," అన్నాను.

జయరాజ్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. సంతోష్ వెళ్లి నూనె మరకల బల్లమీద ఆయన పక్కన కూర్చున్నాడు. "డిజైన్ పంపిండ్రు. చూడకుండనే ఓకే అన్న. నీ ఫొటో ఉందో లేదో సుత చూడలే. తప్పు నాదే."

రాగి తీగ ఇంకో నాలుగు చుట్లు తిరిగింది. "మంగవ్వ అంటె నిరుడు పసుపు కుళ్లిపోయిన ఆమేనా?" అని నన్ను అడిగాడు.

"ఆమెనే అన్నా. ఎల్లుండి తవ్వుతుంది."

"లైసెన్స్ ఏం పెడుతున్నరు?"

సంతోష్ ముందే ఒకటి అనుకున్నాడు. నేను ఫోన్‌లో చదివి చెప్పాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రాసినవాళ్ల పేర్లు మాత్రం ప్రతి కాపీలో ఉంచాలి.

తీగ ఆగింది. "ప్రతి కాపీలనా?"

"ప్రతి కాపీల."

"భీమ్‌గల్‌ల తీస్కోని పక్క మండలం ఏర్గట్లోళ్లకిస్తె?"

"అప్పుడు గూడ ఉండాలె. తీసేస్తె అనుమతి లేనట్టే."

"మరి ఎవడన్న కంపెనోడు తీస్కపోయి, రెండు గీతలు మార్చి, తాళమేసి అమ్ముకుంటె?"

"గీ లైసెన్స్‌ల అమ్ముకోవచ్చు," అన్నాడు సంతోష్, నిజాయితీగా.

"అయితె వద్దు. మార్చి ఇంకోనికిచ్చినోడు, మార్చిన కోడ్ గూడ తెరిచే ఇయ్యాలనే లైసెన్స్ ఉంది కద. గది పెట్టు. మనం తెరిచి పెట్టినదానికి వాడెవడు తాళమేసుడు?"

"గది మస్తు పొడుగుంటది బే. కాలేజోళ్లు, కంపెనోళ్లు చిన్నదే అడుగుతరు."

"కాలేజోళ్లు ఉడకవెడ్తున్నరా పసుపు?"

దాని మీద అరగంట నడిచింది. మూడేళ్ల బెంచీ స్నేహం మళ్లీ ఎలా మొదలైందో నేను చాయ్ తాగుతూ చూశాను. ఇంత సంతోషంగా తిట్టుకునే మనుషులను నేనెక్కడా చూడలేదు. చివరికి ముళ్లతీగ కథ చెప్పాను. "గంగాకిషన్ సార్ భయమే గది. ఎవలో వచ్చి తీగ కడుతరని. తీగ కట్టొద్దని రాసి ఉన్నదే పెడుదాం." సంతోష్ ఒప్పుకున్నాడు.

"పేర్లల్ల నాది ముందు," అన్నాడు జయరాజ్.

"మెయిన్ ప్రోగ్రాం నాది!"

"అక్షరాల వరుసల చూస్తె జ ముందు, స తర్వాత," అన్నాను. పెళ్లయ్యాక మా ఆయన నన్ను ఉరిమి చూడటం అదే మొదలు. అది కూడా బాగానే ఉంది.

జయరాజ్ చేతులు తుడుచుకుని, తన ఖాతాలోంచి ఆ పేజీ మీదే, అందరికీ కనిపించేలా రాశాడు: నేను రాసిన భాగాన్ని ఈ లైసెన్సు కింద ఇవ్వడానికి ఒప్పుకుంటున్నాను. తేదీ వేశాడు. సంతోష్ లైసెన్సు మొత్తం పెట్టి, పైన ఇద్దరి పేర్లూ పెట్టి, 'కుమ్మేయండి' అన్న మాటను పన్ను పీకించుకుంటున్న మొహంతో చెరిపేశాడు.

ఆదివారం మీటింగ్‌లో గంగాకిషన్ సార్ ఆ లైసెన్సును పేజీ పేజీ తిప్పి చదివాడు. పొడుగు ఆయనకు అడ్డం కాలేదు, ఆనందమైంది. సభ్యుల కోసం నేను తెలుగులో సారాంశం రాసుకుపోయాను, దాన్నీ పక్కన పెట్టుకుని సరిచూశాడు. ఒక చోట ఆగి కళ్లజోడు తీశాడు.

"ఏ గ్యారంటీ లేదు, నష్టమైతె మాకు సమ్మందం లేదు అని రాసిండ్రు."

సభలో గుసగుసలు లేచాయి. చిన్నమ్మ లేచి నిలబడింది. "నిరుడు మీ గొంతుల మీద నడిపిచ్చిండ్రు. దానికేం గ్యారంటుండె?"

"నేను వద్దంటలేనమ్మ," అన్నాడు గంగాకిషన్ సార్. "గ్యారంటీ లేదని గింత పద్ధతిగ రాసిచ్చినోళ్లను నా సర్వీసుల చూడలే. తీసుకుందాం."

చేతులు లేచాయి. అక్కడికక్కడే పేర్లు ఎక్కించారు. చిన్నమ్మకు తొమ్మిదో వంతు, గురువారం. గంగాకిషన్ సార్‌కు ఇరవై మూడోది. ఆయన సంతోష్‌ను మెల్లగా పక్కకు పిలిచాడు.

"మార్చుకోవచ్చు అని రాసిండ్రు కద. నాది జర ముంగటికి మార్చు."

"మార్చుకోవచ్చు అన్నం సార్. మేం మార్చిస్తమని ఎక్కడ రాసినం?"

ఆయన మళ్లీ కళ్లజోడు పెట్టుకుని లైసెన్సు మొదటి పేజీ తెరిచాడు.

గురువారం నేను భీమ్‌గల్‌లోనే ఉన్నాను. పదిన్నరకు ట్రాక్టర్ చిన్నమ్మ చేన్లోకి తిరిగింది. ఎవరూ కేకలు వేయలేదు, ఎవరూ అడ్డం రాలేదు. డ్రమ్ములు నిండాయి, ఆవిరి మొదలైంది. కాసేపటికి ఆ పచ్చి వాసన ఆవిరిలో చిన్నమ్మ ఎక్కడుందో కూడా కనిపించలేదు, మాట మాత్రమే వినిపించింది, బాయిలర్ అబ్బాయిని మంట ఎక్కువైందని తిడుతూ. మూత తీయించి, ఒక కొమ్ము బయటికి లాగి, ఈనె పుల్లతో గుచ్చింది. పుల్ల మెత్తగా దిగిపోయింది.

"అయింది. కుమ్మరియ్యుండ్రి," అంది.