మూడోసారి తర్వాత

బఠానీలు ఒలవమని గిన్నె నా ఒళ్లో పెట్టి వెళ్లారు మా ఆయన. "ఊరికే కూర్చునే బదులు చేతికి వ్యాయామంలా ఉంటుంది" అన్నారు. కుడిచేయి గిన్నె పక్కన చచ్చుబడి ఉంది. ఎడమచేత్తో కాయ నొక్కితే గింజలు నేలమీదికి దొర్లాయి. ఏరడానికి వంగితే నేనూ దొర్లుతాను. అందుకని చూస్తూ కూర్చున్నాను.

మొదటిసారి పక్షవాతం వచ్చినప్పుడు మూతి కాస్త వంకరపోయింది, అంతే. నెల తిరక్కుండా వంటింట్లోకి వచ్చేశాను. "మా వదిన ఉక్కుమనిషి" అని ఆడపడుచు అందరికీ చెప్పుకుంది. తను మాత్రం గరిటె పట్టలేదు. రెండోసారి కుడిచేయి పోయింది. ఎడమచేత్తో కూరలు తరగడం నేర్చుకున్నాను. మూడోసారి మాట పోయింది.

నా ఉద్యోగమే మాట. రైల్వే స్టేషన్లో ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పేదాన్ని. నా గొంతు వినగానే జనం సామాన్లెత్తుకుని పరుగెత్తేవాళ్లు. ఆ ఉద్యోగం మానేయమని ఆయన ఎన్నిసార్లు అన్నా వినలేదు. జబ్బు ఆ పని చేసిపెట్టింది. ఇప్పుడు "దాహం" అనడానికి మాట కూడదీసుకునేలోపే ఆయన "బాత్రూమా? ఫ్యానా? చలేస్తోందా?" అని అడిగి, తనకు తోచిందేదో చేసి వెళ్లిపోతారు. చుట్టాలొస్తే నా ముందే, "పాపం, దానికేం తెలీదు. పసిపిల్లతో సమానం" అంటారు. అన్నీ తెలుసు. తెలియకపోతేనే బాగుండేది. స్నానం చేయించి, గుండీలు పెడుతూ ఆయన నిట్టూర్చినప్పుడల్లా, ఆ మూడోసారే పోయి ఉంటే ఎంత బాగుండు అనుకుంటాను. కన్నీళ్లొస్తే "ఏడవకు, బీపీ పెరుగుద్ది" అని తుడిచేస్తారు. నా ఏడుపు కూడా నా చేతిలో లేదు.

ఆ మధ్యాహ్నం మాట నేర్పే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ నావైపే చూస్తూ, "ముందు ఏ మాట రావాలని ఉందమ్మా మీకు?" అని అడిగింది.

"అన్నం, నీళ్లు, బాత్రూమ్. ఇవొస్తే చాలు, నా ప్రాణం హాయిగా ఉంటుంది" అన్నారు మా ఆయన.

"ఆవిణ్ణి చెప్పనివ్వండి."

"అదెక్కడ చెబుతుందండీ! తెల్లారిపోతుంది."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి ఆగింది. నా మాట కోసం ఒక మనిషి అలా ఆగి ఎన్నాళ్లయిందో. నాలుక నోట్లో రాయిలా కదిలింది. చొంగ కారింది. తుడుచుకోలేదు.

"బ... బయ... టికి."

"బయటికెళ్లాలట. పద పద" అంటూ ఆయన జబ్బ పట్టుకుని లేపబోయారు. ఎడమచేత్తో కుర్చీని గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపాను. గుండెల నిండా గాలి పీల్చుకుని, ఆయన కళ్లలోకి చూస్తూ అన్నాను.

"ను... వ్వు."

ఆయన ముఖం మాడిపోయింది. "చూశారా డాక్టరుగారూ! పెళ్లయినప్పటి నుంచీ నన్ను 'మీరు' తప్ప అనలేదు. జబ్బుకి ఆ మర్యాద కూడా పోయింది" అంటూనే తలుపు తీసుకుని బయటికి నడిచాడు.

జబ్బుకి పోలేదు. 'మీరు' నాలుక చివరిదాకా వచ్చింది. నేనే మింగేశాను.