చివరి పాటకు ముందు

కూ... మంటూ ఒకే స్వరం భోజనాల బల్ల మీద నుంచి లేచి ఫ్లాటంతా నిండింది. పరంధామయ్య గుప్పెడంత క్యాలిబ్రేటర్‌ను మైకు మూతికి తొడిగి, శబ్దం కొలిచే మీటరు తెర మీద తొంభై నాలుగు డెసిబెల్‌లు కనబడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. తొంభై నాలుగు వచ్చింది. పుస్తకంలో రాసుకున్నాడు. పనికి పోయే ముందు ఈ పరీక్ష ఒక్కసారి చేస్తే చాలు. ఈ ఆదివారం మధ్యాహ్నంలోపు ఇది నాలుగోసారి.

"ఏందండీ ఆ కూత, పొద్దున్నుంచీ! కుక్కరు ఎన్ని విజిల్లేసిందో కూడా తెలీకుండా పోతా ఉండాది," అని వంటింట్లోంచి వసుంధర కేకేసింది.

"సరిగ్గా ఉందో లేదో చూస్తా ఉండానే."

"అది సరిగ్గానే ఉండాది. మీరే లేరు."

పరంధామయ్య క్యాలిబ్రేటర్‌ను పెట్టెలో పెట్టాడు. యాభై ఆరేళ్ళ మనిషి, సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒకటి ఆగిపోతే ఇంకొకటి. చెవులంటే మాత్రం మహా జాగ్రత్త. దీపావళికి ఎవరైనా కాకరపువ్వొత్తి వెలిగించినా దూదికోసం వెతుక్కుంటాడు. అలాంటివాడు నిన్నటినుంచి కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాడు. పొద్దున గడ్డం గీసుకుంటూ మధ్యలో వచ్చి బ్యాటరీలు లెక్కపెట్టుకుని, సగం నురగతోనే మళ్ళీ వెళ్ళాడు.

అమూల్య నల్ల టీషర్టు వేసుకుని గదిలోంచి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, సింగపూరులో, ఈ సెంగ్‌కాంగ్‌లోనే పెరిగింది, తెలుగు బాగా అర్థమవుతుంది గానీ నోట్లోంచి ఇంగ్లీషే వస్తుంది, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా'తో సహా.

"నాన్నా, ఇప్పుడైనా ఆఫీసుకి చెప్పొచ్చు. జస్ట్ టేక్ లీవ్ లా."

"ఇంకొకర్ని పంపితే వాళ్ళు సరిగ్గా చూడర్రా."

"దిస్ ఈజ్ ద బ్యాండ్స్ లాస్ట్ టూర్. డ్రమ్మర్ ఆల్రెడీ డెడ్. ఇంక మళ్ళీ రారు."

"నాకు తెలుసు గదా."

"టికెట్ మీ ఫోన్‌కి పంపేశా. కమ్ ఆర్ డోంట్ కమ్, అప్ టు యూ." చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. అతను ఫోను తీసి, ఆ నల్లా తెల్లా గళ్ళ చతురస్రాన్ని చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

అతని ఉద్యోగం చెబితే చాలామంది నవ్వుతారు. కచేరీలు జరిగే ఒక పెద్ద మైదానానికి కాలువ అవతల ప్రభుత్వ ఫ్లాట్లున్నాయి. కచేరీ ఉన్న రోజు ఒక బ్లాకు తొమ్మిదో అంతస్తు కారిడార్‌లో మీటరు నిలబెట్టి, చప్పుడు హద్దు దాటుతోందేమో చూస్తాడు. ఐదు నిమిషాలకోసారి సగటు రాయాలి. అరవై ఐదు డెసిబెల్‌లు దాటితే మైదానంలో సౌండు మిక్సర్ దగ్గర కూర్చున్న మనిషికి ఫోను చేసి తగ్గించమనాలి. పదహారేళ్ళలో పేరున్న బ్యాండ్లన్నిటినీ విన్నాడు. అన్నిటినీ బయటి నుంచే. ఆ దూరానికి గొంతులూ గిటార్లూ అందవు, బేస్ మాత్రం వస్తుంది. ఆ దబ్‌దబ్ పట్టుకుని ఏ పాటో చెప్పేయగలడు. మీటరును వదిలి కదలడన్నది ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతే. ఒకసారి గాలివాన వస్తే మీటరుకు గొడుగు పట్టి, తాను తడిసి, వారం జ్వరంతో పడుకున్నాడు. అమూల్య బడిలో నాట్యం చేసిన రోజు కూడా అతను తొమ్మిదో అంతస్తులోనే ఉన్నాడు.

చిత్రాన్నం డబ్బా సంచిలో పెడుతూ వసుంధర అతని మొహం చూసింది. "ఆఫీసులో అడగడానికి నోరెందుకు రాదో మీకు! ముప్పై నాలుగేండ్ల నాటి ఆ పాట గురించే చెప్తా ఉంటే నేను వింటా ఉండాను," అంది. కోపంగా అనలేదు. అందుకే అతనికి ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

రైల్లో మీటరు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, లేచాడు, తలుపు దగ్గర నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. సెరంగూన్ స్టేషన్‌లో నల్ల టీషర్టుల వాళ్ళు గుంపుగా ఎక్కారు. వాళ్ళలో ఒకాయన తన ఈడువాడే, నెరిసిన జుట్టుకు పిలక కట్టుకున్నాడు, టీషర్టు మీద ఆ బ్యాండు మొదటి ప్రపంచయాత్ర సంవత్సరం ఉంది. పరంధామయ్య ఆ సంవత్సరాన్ని చూశాడు. ఆ యాత్రలో బెంగళూరు ఉంది. బెంగళూరులో తనూ ఉన్నాడు.

అప్పటికి ఇరవై రెండేళ్ళు. అనంతపురంలో తండ్రికి రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే అంగడి. పాలిటెక్నిక్ స్నేహితుడు చక్రధర్ ఎక్కడినుంచో రెండు టికెట్లు పట్టుకొచ్చి, "పోదాం పారా, బతుకులో ఒక్కసారి," అని బస్సెక్కించాడు. తండ్రి ఒక్కటే మాటన్నాడు: పొద్దున అంగడి తెరిచేది నువ్వే. మైదానంలో అంతమంది జనాన్ని పరంధామయ్య అంతవరకూ తిరునాళ్ళలో తప్ప చూడలేదు. మొదటి పాట మొదలవగానే శబ్దం చెవిలోకి కాదు, రొమ్ములోకి వచ్చింది. భయపడ్డాడు. తర్వాత ఏడ్చాడు, ఎందుకో తెలియదు. జనం తోస్తే తనూ తోసుకుంటూ వెళ్ళి మధ్యలో ఒక చెక్క వేదికకు ఆనుకున్నాడు. దాని మీద చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఒక మనిషి, ముందు వందలకొద్దీ మీటలు. ఆయన రెండు వేళ్ళతో ఒక మీటను గోరంత పైకి తోస్తే, ఇరవై వేలమంది ఒక్కసారిగా ఊగారు. స్టేజీ మీద గంతులేసే వాళ్ళను పరంధామయ్య ఆ తర్వాత పెద్దగా చూడలేదు. ఆ వేళ్ళనే చూశాడు.

తొమ్మిదిన్నరకు ఆఖరి బస్సు. ఆ బ్యాండు ఎక్కడికెళ్ళినా ఆఖరున ఒకే పాట పాడుతుంది, దానికోసమే జనం వస్తారు. చక్రధర్ చొక్కా పట్టుకుని ఆపాడు. "నాయన తిడతాడ్రా," అని విడిపించుకుని పరంధామయ్య గేటు దాటాడు. అప్పుడే లోపల ఆ పాట మొదలైంది. ప్రహరీ పక్కనే బస్‌స్టాండు వైపు పరిగెడుతుంటే, గొంతూ గిటారూ గోడ మింగేసి, బేస్ ఒక్కటే అతని వెంట వచ్చింది. మర్నాడు ఎనిమిదింటికి అంగడి తెరిచాడు. పదకొండింటిదాకా ఒక్కరూ రాలేదు.

ఆ మీటల ముందు కూర్చోవాలని చాలా తిరిగాడు. బెంగళూరులో పెళ్ళిళ్ళకు మైకుసెట్లు మోశాడు. ఇరవై ఆరేళ్ళ కిందట సింగపూరు వచ్చి ఒక సౌండు కంపెనీలో స్పీకర్లు ఎక్కించాడు, దించాడు. ఆ కంపెనీ మూతపడింది. ఈ శబ్దం కొలిచే ఉద్యోగం దొరికింది. ఇప్పుడు ఆ మీటల ముందు కూర్చున్నవాడికి ఫోను చేసి తగ్గించమనే మనిషయ్యాడు. దీన్ని తలుచుకుని అప్పుడప్పుడు తనే నవ్వుకుంటాడు గానీ ఈ రోజు నవ్వు రాలేదు.

తొమ్మిదో అంతస్తులో ముక్కాలి స్టాండు విప్పి, మీటరు బిగించి, గాలి తగలకుండా మైకుకు నల్ల స్పాంజి బంతి తొడిగాడు. నిబంధన ప్రకారం మెరిసే పసుపుపచ్చ కోటు వేసుకున్నాడు. అట్టకు కాగితం బిగించి పైన రాశాడు, 'కొలిచినవారు: పరంధామయ్య'. కింద మూడు గళ్ళు: సమయం, అంకె, శబ్దమూలం. చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో మూడో గడిలో రాయాలి. బస్సు, కుక్క, విమానం, ఏదైనా సరే. జనం కేకలైతే అదీ రాయాలి, ఎందుకంటే స్పీకర్లను తగ్గించగలరు గానీ జనం గొంతులను ఎవరూ తగ్గించలేరు.

ఎదుటి తలుపు ఇనుప గ్రిల్లు తీసుకుని లీలావతి ఆంటీ వచ్చింది. డెబ్భై ఎనిమిదేళ్ళు. తాతల నాడు విశాఖపట్నం వైపునుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. తెలుగులో తమిళమూ మలయూ కలిసిపోయి, అది ఆమెకే సొంతమైన భాష.

"ఏటి తంబీ, మాకాన్ అయిందా?"

"తిండి తెచ్చుకున్నానాంటీ," అని చెవి దగ్గర గట్టిగా చెప్పాడు.

పదకొండేళ్ళ కిందట ఈ కారిడార్ లెక్కలోకి వచ్చింది ఆమె ఫిర్యాదు వల్లే. అప్పుడు భర్త మంచం పట్టి ఉన్నాడు, కచేరీ మోతకు నిద్రపట్టేది కాదు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆమెకు వినికిడి పోయి మూడేళ్ళు. చెవి మెషీను దురద పెడుతుందని తీసి టీవీ మీద పెడుతుంది. ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. "ఆ ఫారం ఎక్కడ ఇచ్చినానో ఎవుడికి తెల్సు," అంటుంది. కొలత ఉన్నప్పుడల్లా కుర్చీ వేసుకుని అతని కాగితాన్ని పర్యవేక్షిస్తుంది. ఒకసారి మూడో గడి చూసి, "నా దగ్గు కూడా రాసినావా!" అని పకపకా నవ్వింది. "నియమం ఆంటీ," అన్నాడతను. ఆనాటినుంచి దగ్గొస్తే మీటరుకు దూరంగా వెళ్ళి దగ్గుతుంది.

ఆరున్నరకు కచేరీ మొదలైంది. పిట్టగోడ మీదుగా చూస్తే మైదానం, ఓవర్‌హెడ్ బ్రిడ్జి, గేటు కనిపిస్తాయి. దబ్‌దబ్‌లు వస్తున్నాయి. అరవై రెండు. అరవై మూడు. మొత్తం పదిహేడు పాటలు, వరుస అతనికి కంఠస్థం. కాలు ఒకచోట నిలవడం లేదు. లిఫ్టుదాకా నడిచి వస్తున్నాడు, అంకె రాస్తున్నాడు, మళ్ళీ నడుస్తున్నాడు.

"కూర్చో తంబీ. చూస్తే నాకు తల తిరుగుతాంది."

కూర్చోలేదు. ఎనిమిది దాటాక పదహారో పాట మొదలైంది. అరవై ఆరు. అరవై ఏడు. ఐదు నిమిషాల సగటు అరవై ఏడు. పరంధామయ్య ఫోను తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాతది ఆఖరి పాట. ఇప్పుడు చెబితే అది తగ్గుతుంది. చెప్పకపోతే ఆ పాట, బేసైనా సరే, నిండుగా ఈ తొమ్మిదో అంతస్తుకు వస్తుంది. ముప్పై నాలుగేళ్ళ తర్వాత, ఒక్కసారి.

ఆంటీ అంకె చూసింది, అతన్ని చూసింది. "నాకేటీ ఇన్పడదు. రాయకు."

పక్క ఫ్లాటు లోపల పసిబిడ్డ ఏడుస్తోంది. గంటనుంచి ఊపుతున్నట్టున్నారు, ఆగి ఆగి ఏడుస్తోంది. పరంధామయ్య అటు చూసి, తల దించుకుని నంబరు నొక్కాడు.

"తొమ్మిదో అంతస్తు. అరవై ఏడు. రెండు తగ్గించండి ప్లీజ్," అని ఇంగ్లీషులో చెప్పాడు.

"సారీ మేన్. డూయింగ్ ఇట్ నౌ," అంది అటువైపు గొంతు.

నిమిషంలో దబ్‌దబ్ సన్నబడింది. కింద రోడ్డు మీద డబుల్ డెక్కర్ బస్సు పోతే దాని కింద పూర్తిగా పోయింది. పాట ముగిసి దీపాలారాయి. జనం మళ్ళీ రమ్మని చప్పట్లు కొడుతున్నారని తెలుస్తోంది గానీ చప్పట్లు కూడా సరిగ్గా వినిపించడం లేదు. పిట్టగోడ మీదుగా నడుందాకా వంగాడు. ఏమీ లేదు. తన పాటను తన చేత్తోనే తగ్గించుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

జేబులో ఫోను కదిలింది. అమూల్య. 'లాస్ట్ సాంగ్ కమింగ్. వేర్ ఆర్ యూ లా.'

అతను గేటు చూశాడు. లిఫ్టు ఒక నిమిషం, బ్రిడ్జి రెండు, గేటు దగ్గర ఇంకొకటి. వాళ్ళు తిరిగి స్టేజీ ఎక్కడానికి ఐదు తీసుకుంటారు. మీటరు చూశాడు. దాని కాలు ఒకటి అర అంగుళం పక్కకు జరిగి ఉంటే వంగి సరిచేశాడు. నిలబడ్డాడు. మళ్ళీ వంగాడు. ఈసారి సరిచేయడానికేమీ లేదు.

లీలావతి ఆంటీ లేచి అతని చేతిలోంచి అట్టా పెన్నూ లాక్కుంది.

"ఆంటీ, ఐదు నిమిషాలకోసారి..." అని ఆమె చెవి దగ్గరకు వంగాడు.

"పదకొండేళ్ళు చూసినాను. నాకు నేర్పుతావా? బొలే, బొలే, నాకు చేతనవుద్ది, నేను చూస్తాను. పో."

"ఎవరైనా అడిగితే..."

"ఎవుడడిగినా నాకు ఇన్పడదు గదా! పో, తంబీ."

అతను రెండడుగులు వెనక్కి నడిచాడు, మీటరునే చూస్తూ. తర్వాత తిరిగాడు. లిఫ్టు వచ్చేదాకా ఆగలేక మెట్ల తలుపు తోశాడు. యాభై ఆరేళ్ళ మోకాళ్ళు తొమ్మిది అంతస్తులు దిగుతున్న చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది.

ఆంటీ కుర్చీని పిట్టగోడ దగ్గరకు జరుపుకుంది. బ్రిడ్జి మీద పసుపుపచ్చ కోటు కనిపించింది, సగం నడక, సగం పరుగు. గేటు దగ్గర ఆగింది, ఫోను పైకెత్తి చూపించింది, లోపలికి పోయింది. నల్ల చొక్కాల మధ్య ఆ పచ్చటి చుక్క ముందుకు, ఇంకా ముందుకు జరిగి, మధ్యలో మీటల వేదిక దగ్గర నిలిచింది. దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. మైదానమంతా చేతులు పైకి లేచాయి, అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. పచ్చ కోటు చేతులు కూడా లేచాయి.

ఆమెకు ఏమీ వినిపించలేదు. మీటరులో మాత్రం అరవై నాలుగు అరవై ఎనిమిదైంది, డెబ్భై అయింది, డెబ్భై ఒకటి దగ్గర నిలబడింది. స్పీకర్లు తగ్గే ఉన్నాయి, ఇది మనుషుల గొంతు. ఆమె గ్రిల్లులోంచి ఇంట్లో గోడ గడియారం చూసి సమయం వేసింది, అంకె వేసింది. మూడో గడి దగ్గర ఆగి, కాగితం పైభాగాన ఉన్న అక్షరాలను వేలు పెట్టి చూసుకుంటూ నెమ్మదిగా ఆ గడిలో దించి రాసింది. తర్వాత దగ్గొస్తుంటే లేచి, నియమం ప్రకారం, లోపలికి వెళ్ళి గ్రిల్లు వేసుకుంది.

కారిడార్‌లో ముక్కాలి స్టాండు మీద మీటరు వెలుగుతూ ఉంది. కుర్చీలో అట్ట, దాని మీద కాగితం, ఆఖరి వరుసలో ఎనిమిదీ నలభై, డెబ్భై ఒకటి, శబ్దమూలం గడిలో వంకర అక్షరాలతో ఒక పేరు: పరంధామయ్య.