నీరు తాగేసిన వెలుగు

మా అన్నయ్య మందులు తయారుచేసే కెమిస్టు. వదిన లేజర్ల మనిషి. ఇద్దరిదీ ఒకే సంస్థ. అక్కడే గాజు గొట్టాలు ఊదే పని నాది కాబట్టి ఈ గొడవంతా నా కళ్లముందే జరిగింది.

ఒంట్లో చేరిన విషలోహాన్ని ఒడిసిపట్టి బయటికి మోసుకుపోయే అణువును అన్నయ్య ఏళ్ల తరబడి కష్టపడి తయారుచేశాడు. దానిది ఉడుంపట్టు అని అందరికీ చెప్పుకున్నాడు. ఆ పట్టు ఎంత గట్టిదో తేల్చే పని వదిన చేతికొచ్చింది.

విషలోహానికి బదులు, దాదాపు దానిలాగే నడుచుకునే యూరోపియం అనే లోహాన్ని వదిన ఆ అణువులో పెట్టింది. లేజరు తగిలితే అది ఎర్రగా మెరుస్తుంది. అణువు దాన్ని పూర్తిగా కమ్ముకుంటే మెరుపు కాస్త నిలుస్తుంది. ఏ సందులోనో నీరు దూరి లోహాన్ని తాకిందా, ఆ వెలుగును నీరే తాగేస్తుంది. ఇదంతా రెప్పపాటులో ఏ వందోవంతులోనో జరిగిపోతుంది. యంత్రానికి తప్ప మనకు తెలియదు.

అన్నయ్య అణువులో మెరుపు ఇట్టే ఆరిపోయింది.

లేజరు పాతబడిందన్నాడు. గొట్టం శుభ్రంగా లేదని నా మీదికీ వచ్చాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నేను గొణిగాను. వదిన మాత్రం నాచేత కొత్త గొట్టం ఊదించింది, లేజరును సరిచూసుకుంది, నమూనాను అన్నయ్య చేతే మళ్లీ కలిపించింది. చివరికి మామూలు నీటికి బదులు భారజలం పోసింది. అది వెలుగును అంతగా తాగదు. ఈసారి మెరుపు ముందుకంటే చాలా ఎక్కువసేపు నిలిచింది. అంటే దొంగ నీరే.

మామూలు నీటిలో, భారజలంలో మెరుపు ఆరిన తీరును తెర మీద రెండు గీతలుగా చూసి అన్నయ్య కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "ఎన్ని నీటి అణువులు తగులుతున్నాయి?" అని అడిగాడు.

"ఒక్కటే," అంది వదిన, ఆ గీతల తేడా లెక్కగట్టి. "పట్టడం బాగానే పట్టారు. ఒక్కచోట చెయ్యి చాలలేదు, అంతే."

ఆ గొంతులో గెలిచానన్న ధీమా వెతికినా లేదు. నేనైతే దెప్పకుండా ఉండగలిగేదాన్ని కాదు.

అణువుకు మరో చెయ్యి తగిలించడానికి నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు బెడిసికొట్టింది. కొత్తదాన్ని పరీక్షించినప్పుడు మామూలు నీటిలోనూ వెలుగు నిలిచింది. నేను చప్పట్లు కొట్టబోతే అన్నయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇంకోసారి చూడవా?" అన్నాడు వదినతో. "నాకు కావలసిన జవాబే వచ్చింది. అందుకే అనుమానం."

వదిన నవ్వి, ఇంకో గొట్టం అందుకుంది. మళ్లీ అదే జవాబు వచ్చింది. ఆ సాయంత్రం సంస్థ పెద్దలకు చెప్పడానికి ఇద్దరూ కలిసే వెళ్లారు. మాట్లాడమని అన్నయ్య వదిననే ముందుకు పంపాడు.