లాంచీ ఆగిన ముప్పావు గంట

ఆ దీవిలో ఇరవయ్యొక్క ఇళ్ళు, ఒక కొట్టు, ఒక టెలిఫోను, ఒక గోడ గడియారం. టెలిఫోనూ గడియారమూ రెండూ కొట్టులోనే, పప్పుల డబ్బాల పక్కన ఉంటాయి. ఉప్పుగాలికి ఏ గడియారమూ ఏడాదికి మించి బతకదని ఇళ్ళల్లో వాళ్ళు కొనడం ఎప్పుడో మానేశారు. కొట్టు గడియారం మాత్రం మొండిది. ఒక వారం ముందుకు ఉరుకుతుంది, ఒక వారం వెనకబడుతుంది. గురువారం గురువారం సరుకుల లాంచీ వచ్చి బూర ఊదగానే, కొట్టు నడిపే ఆవిడ స్టూలెక్కి ముల్లును పది మీదికి తిప్పుతుంది. లాంచీ వస్తే పది. ముప్పై ఏళ్ళుగా ఆ దీవిలో అదే లెక్క.

ఆవిడ ఊరందరికీ వదినే. ఆ గురువారం గడియారం పదకొండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తుండగా బూర వినబడింది. దీనికి మళ్ళీ కాళ్ళొచ్చాయి అని వదిన గడియారాన్ని తిట్టి, ముల్లు వెనక్కి లాగి, కొట్టుకు తాళం వేసి రేవుకు పరిగెత్తింది. లాంచీ రోజున మంచం పట్టినవాళ్ళు, కాలు సాగనివాళ్ళు తప్ప అందరూ రేవులోనే ఉంటారు.

కావాలని రేవుకు పోని మనిషి ఒక్కతే, వలలమ్మ. ఆమెకు డెబ్బై ఏళ్ళు, చిరిగిన వలలు బాగుచేయడం పని. ఆ రేవులోనుంచి తల్లిని సాగనంపింది, చెల్లెల్ని సాగనంపింది, ఇద్దరూ తిరిగి రాలేదు. తను సాగనంపితే మనుషులు తిరిగి రారని ఆమెకు భయం గట్టిగా పట్టుకుంది. ఆరు రోజుల కింద ఆమె మొగుడు, ఊళ్ళో వాననీటి తొట్లు కట్టే మేస్త్రి, తొట్టి మీదినుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పక్కింటివాళ్ళు ఆయన్ని తలుపుచెక్క మీద పడుకోబెట్టి చేపల పడవలో పట్నం తీసుకెళ్తుంటే, ఆమె పొయ్యి దగ్గర కూర్చుని బియ్యంలో లేని రాళ్ళు ఏరుతూ ఉండిపోయింది. ఆ సంగతి తల్చుకుంటే ఆమెకు ఇప్పటికీ ముద్ద దిగడం లేదు.

నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. గురువారం పదకొండింటికి డాక్టరే ఫోను చేస్తాడట. ఎముక దానంతటది అతుక్కునేలా ఉంటే కట్టు కట్టి, మర్నాడు ఇటుగా పై దీవులకు పోయే ఉప్పు పడవలో ఇంటికి పంపించేస్తారు. అప్పుడు ఆమె ఇక్కడ ఉండాలి, కదల్లేని మనిషి ఖాళీ ఇంటికి వచ్చి పడకూడదు. అలా కాకపోతే ఆపరేషను. అప్పుడు సంతకం పెట్టడానికీ, దగ్గరుండి చూసుకోవడానికీ ఆమె ఈ లాంచీలోనే పోవాలి. మేస్త్రిని తీసుకెళ్ళిన చేపల పడవ వేటకు పోయింది, ఇది పోతే మళ్ళీ వారానికి గాని లేదు.

ఆమెకు భయం ఎక్కువ. అందుకని అరగంట ముందే, పదిన్నరకల్లా, చేతిలో బట్టల సంచితో కొట్టు ముందు వచ్చి కూర్చుంది. వదిన అప్పుడే రేవునుంచి వచ్చి తాళం తీసింది. పదకొండయింది. ఫోను మోగలేదు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. డాక్టర్ల పదకొండు మన పదకొండులా ఉండదు అత్తా, కాస్త సాగుతుంది అని వదిన ధైర్యం చెప్తోంది. అంతలో లాంచీ నడిపే సరంగు చెమట తుడుచుకుంటూ వచ్చాడు, వచ్చే వారానికి ఏమేం తేవాలో చెప్తే బయల్దేరుతానన్నాడు.

పన్నెండింటికి పోయేవాడివి ఇంకా గంట ముందే ఎక్కడికి బయల్దేరతావని వదిన అడిగింది. సరంగు గోడవైపు చూశాడు, తన చేతి గడియారం చూసుకున్నాడు.

"పన్నెండయింది వదినా. నీ గడియారం నిద్రపోతోందేంటి?"

"నువ్వొచ్చినప్పుడే కదా పదికి తిప్పాను."

"ఈ వారం నుంచి పై దీవికి ముందు పోయి ఇటొస్తున్నా. నేనొచ్చేసరికే పదకొండు కావస్తోంది."

ఎదురింటి అరుగు మీద కుంటికాలు చాపుకుని మిషను కుట్టుకుంటున్న ముసలి దర్జీ మెల్లిగా నోరు విప్పాడు. ఇందాక అందరూ రేవులో ఉన్నప్పుడు ఫోను రెండుసార్లు మోగిందట. పదింటికి మోగే ఫోను వలలమ్మది కాదులే అని ఊరుకున్నాడట. తాళం పగలగొట్టి అయినా తీయాల్సింది అని తన తల తనే మొట్టుకున్నాడు.

వదిన ఆసుపత్రి నంబరు తిప్పింది. నాలుగోసారికి ఎవరో ఎత్తారు. డాక్టరు ఆపరేషను గదిలో ఉన్నాడు, బయటికి రాగానే ఫోను చేయిస్తాం, ముప్పావు గంట పట్టొచ్చు అన్నారు.

సరంగు మొహం మాడ్చుకున్నాడు. చెడ్డవాడు కాదు. కానీ దీవి ముఖద్వారంలో ఇసుక మేట ఉంది, పోటు తగ్గితే నిండు లాంచీ దాని మీద కూర్చుంటుంది. మళ్ళీ పోటు వచ్చేదాకా కదలదు.

వలలమ్మ లేచి నిలబడింది. "మీరు పొండి నాయనా. నా కోసం ఇంతమంది పనులెందుకు ఆగాలి? నా రాత ఎలా ఉంటే అలా అవుతుంది" అంది. గొంతు మాత్రం ఆ మాట అనలేదు.

వదిన ఆమె భుజం పట్టి మళ్ళీ కూర్చోబెట్టింది.

"తిప్పింది నేను. నువ్వు నోర్మూసుకుని కూర్చో అత్తా." తర్వాత సరంగువైపు తిరిగింది. "నిండు లాంచీ కదా కూర్చునేది? ఖాళీ లాంచీ అయితే?"

సరంగు గడ్డం గోక్కున్నాడు. "ఖాళీదైతే ఇంకో గంట తర్వాతైనా పాకుతుంది. కానీ మీ ఎండుచేపలన్నీ ఎక్కించాంగా. దింపితే వచ్చే వారందాకా ఇక్కడే."

"ఎండుచేపలకి ఇంకో వారం ఎండితే వచ్చే నష్టం ఏంటి?" అన్నాడు దర్జీ, కాలు లాగుకుంటూ లేచి. ఆయనవే అందులో మూడు బస్తాలు.

అంతే. ఎవరూ ఎవరినీ అడగలేదు. తొట్టి నీళ్ళు తోడుకుంటున్నవాళ్ళు బిందెలు వదిలేసి వచ్చారు, ఇంటికి బయల్దేరినవాళ్ళు వెనక్కి తిరిగారు. వారమంతా ఎండలో తిరగేసి, కాకుల్ని తోలి, కష్టపడి నింపుకున్న బస్తాలు ఒక్కొక్కటే లాంచీలోంచి రేవు మీదికి దిగాయి. ఒకామె వాసనకు ముక్కు మూసుకుంటూ, మేస్త్రి ఇంటికొచ్చాక మా తొట్టి ఊరికే కట్టాలి అంటోంది. ముందు ఆయన కాలు నిలబడనీ అని ఇంకొకామె కసిరింది. కొట్టు గుమ్మంలోంచి వలలమ్మ అదంతా చూస్తోంది. ఇన్నేళ్ళూ ఆ రేవు తననుంచి మనుషుల్ని తీసుకుపోయిందనే తిట్టుకుంది. ఇంతమందిని తన దగ్గరే ఉంచిందని ఒక్కనాడూ అనుకోలేదు.

ఫోను మోగింది. వదిన ఎత్తి, విని, ఆమె చెవికి ఆనించింది. డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. ఆపరేషను చేయాలి, భయం లేదు, రేపు ఉదయానికల్లా మనిషి ఉండాలి. తర్వాత ఫోను ఎవరికో ఇచ్చారు.

"ఏమే, బయల్దేరావా?" మేస్త్రి గొంతు, కాస్త నీరసంగా.

ఆమె ఫోను రెండు చేతులా పట్టుకుంది. "ఆ రోజు నేను రేవుకు రాలేదు."

"తెలుసు. రాకపోబట్టే బతికానేమో, ఎవరికి తెలుసు. ఇప్పుడు రా. ఇక్కడి నర్సు నా తల దువ్వడానికి ఒప్పుకోవట్లేదు."

ఆమె నవ్విందో ఏడ్చిందో వదినకు తెలియలేదు.

రేవులో ఎవరో ఆమె చంకలో దుప్పటి పెట్టారు, ఎవరో సంచిలోకి ఉడకబెట్టిన గుడ్లు దోపారు. దర్జీ తన ఉన్ని శాలువా కప్పాడు. ఆమె రేవులో దింపిన బస్తాల వైపు చూసింది. "మీ చేపలు..." అని మాత్రం అంది. "వానొస్తే తడవనిస్తామా, ఎక్కు" అని వదిన చెయ్యందించింది.

ఇసుక మేట దగ్గర సరంగు ఇంజను తగ్గించి, ఆమెను ముందువైపు జరిగి కూర్చోమన్నాడు. లాంచీ అడుగున గరగరమని చప్పుడైంది. ఒక్క క్షణం అంతా ఆగిపోయినట్టయింది. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. తర్వాత లాంచీ ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి, లోతు నీళ్ళలోకి జారింది.

"ఇంకో రెండు బస్తాలున్నా ఇక్కడే ఉండేవాళ్ళం పెద్దమ్మా" అన్నాడు సరంగు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. రేవులో ఎవరూ కదల్లేదు. లాంచీ మేట దాటిందా లేదా అని చేతులు నుదుటికి అడ్డంపెట్టుకుని చూస్తున్నారు. దాటిందని వాళ్ళకు తెలియాలి కదా అని, ఆమె శాలువాలోంచి చెయ్యి తీసి పైకెత్తింది.