దారిలో తెగిన కబురు

జమాల్ బీ మీద కోడలు మెహరాజ్‌కున్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ అరవదు. వన్ టౌన్‌లో సందంతా వినబడేలా అరిచే అత్తలున్న కోడళ్ళకి పక్కింటివాళ్ళ సానుభూతి, అప్పుడప్పుడూ ఓ కప్పు టీ అయినా దక్కుతాయి. జమాల్ బీ "బేటీ" అని తియ్యగా పిలిచి వెల్లుల్లి చేట చేతిలో పెడుతుంది. తీపి మీద ఎవరికని చెప్పుకోవడం?

ఆ ఆదివారమూ మెహరాజ్ వెల్లుల్లి ఒలుస్తూనే ఉంది. భర్త ఇష్తియాక్ డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్. మర్నాడు సెమినార్లో చిన్న ఆర్‌ఎన్‌ఏల గురించి మాట్లాడాలి. ఎంత చదివినా బుర్రకెక్కలేదు. జెనెటిక్స్‌లో ఎమ్మెస్సీ చేసింది మెహరాజ్. "ఎలాగూ ఖాళీయేగా, కాస్త చెప్పు" అన్నాడు.

కిందటేడు ఆమె ఓ ఆడపిల్లల కాలేజీలో లెక్చరర్ పోస్టుకి ఇంటర్వ్యూకెళ్ళింది. కబురు చేస్తామన్నారు. రాలేదు. "పాఠం చెప్పడం అందరికీ రాదులే" అని ఓదార్చినవాడు ఇతనే. ఆ మాట నమ్మి మళ్ళీ ఎక్కడా అప్లికేషన్ పెట్టలేదు.

"జన్యువు కేంద్రకం గడప దాటదండీ. కబురు పంపిస్తుంది, అదే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. అది చేరితేనే బయట ప్రోటీను తయారవుతుంది. చిన్న ఆర్‌ఎన్‌ఏ దారికాసి తనకి జతపడే కబురుని పట్టుకుంటుంది. సరిగ్గా జత కుదిరిందా, కబురు తెగిపోతుంది. జన్యువుకేం కాదు, పని మాత్రం జరగదు."

"నెమ్మదిగా చెప్పు" అన్నాడు రాసుకుంటూ.

మంచం మీద వక్క కత్తిరిస్తున్న జమాల్ బీ తలెత్తింది. "ఆ చిన్నదాని చేతిలో కత్తుంటుందా బేటీ?"

"ఉండదమ్మీ. దేన్ని కొయ్యాలో చూపిస్తుందంతే. కోసేది దాన్ని మోసే ప్రోటీను."

"ఎదురుచూసేవాళ్ళకి తెలుస్తుందా?"

"తెలీదు. అసలు కబురే లేదనుకుంటారు."

జమాల్ బీ అడకత్తెర పక్కన పెట్టింది. "మరి తప్పెవరిది? చూపినదానిదా, కోసినదానిదా?"

మెహరాజ్ నవ్వింది. "సైన్సులో తప్పులుండవమ్మీ."

"ఇంట్లో ఉంటాయి. ఆ కాలేజీవాళ్ళు కిందటేడే ఫోన్ చేశారు. నువ్వప్పుడు మేడ మీద బట్టలారేస్తున్నావు, నేనెత్తాను. వచ్చి చేరమన్నారు."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మీ" అన్నాడు ఇష్తియాక్, కాగితం మీంచి చూపు తిప్పకుండా.

ఏ కాలేజీ అని అడగలేదతను. ఏ ఫోనని కూడా అడగలేదు. ఏడాదిగా మెహరాజ్ తన గొంతుని అనుమానించింది, తన ఇంగ్లీషుని అనుమానించింది, ఆ రోజు కట్టుకెళ్ళిన చీర రంగుని కూడా వదల్లేదు. పక్కన పడుకునే మనిషిని అనుమానించడం మాత్రం తోచనేలేదు.

ఆమె లేచి చేతులు కడుక్కొచ్చింది.

"రేపు ఆ కాలేజీకి వెళ్తున్నాను. పోస్టు ఎప్పుడో నిండిపోయుంటుంది. నేనెందుకు రాలేదో మాత్రం ప్రిన్సిపాల్ గారికి చెప్పొస్తాను. ఇంకెక్కడెక్కడ ఖాళీలున్నాయో కూడా అడుగుతాను."

"ఏమని చెప్తావ్? మా ఇంట్లోవాళ్ళు ఫోన్ సంగతి దాచారనా?" ఈసారి తలెత్తాడు.

జమాల్ బీ మంచం దిగి కొడుక్కీ కోడలికీ మధ్య వచ్చి నిలబడింది. సందంతా వినబడేంత గొంతుతో, ఆ ఇంట్లో మొదటిసారి, అంది:

"నేనూ వస్తాను, నేనే చెప్తాను. వీడు చెప్పొద్దన్నాడు, నేను నోరు మూసుకున్నాను. తప్పు చేశాను బేటీ."