ఆముదం పోసిన కారు

సర్వేశ్వరరావు తన అక్క చనిపోతే మట్టికి రాలేదు. ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడిందన్నాడు. ఆ చరియ దాటుకుని నడిచి వచ్చినవాళ్లున్నారు. వాడు రాలేదు. అక్క అంటే నా భార్య అచ్చియమ్మ. అప్పటినుంచి అనంతగిరిలో వాడి గడప నేను తొక్కలేదు.

వాడు మాత్రం నా గడప తొక్కుతూనే ఉన్నాడు. కాఫీ పొడి తెస్తాడు, నా పొయ్యి మీదే కాచుకుంటాడు, నాకో గ్లాసు పోస్తాడు, తిట్లు తిని పోతాడు. ఈ చలికాలం రిమోట్ కారు ఒకటి పట్టుకొచ్చాడు. ఏభై దాటినవాడికి బొమ్మకారు.

"బొమ్మ కాదు బావా, రేసుది. ఆదివారం పొద్దున్నే అరకులో పందెం. వలిసె కోసేసిన సేనులోనే ట్రాకు. నేను గెలిత్తే నువ్వు మా ఇంటికొచ్చి బోంచెయ్యాల."

"నువ్వు గెలవడమేటి. సరే."

ఓడిపోతాడనే ఒప్పుకున్నాను.

ఆ కారుకు నాలుగు చక్రాల దగ్గరా వేలెడేసి షాకబ్జర్లు ఉంటాయి, మోటారు సైకిలుకు ఉన్నట్టే. వాటిలో నూనె ఉండాలి. పట్నం నుంచి తెచ్చుకున్న నూనె ఒలికిపోయిందని వాడు ఆముదం పోశాడు. శనివారం మధ్యాహ్నపు ఎండలో మా వాకిట్లో జానెడు ఎత్తు నుంచి కారును వదిలి చూపించాడు. అది ఒక్కసారి కుంగి, లేచి, కుదురుగా నిలబడింది. అయినా వాడికి తృప్తి లేదు. స్ప్రింగు మీది రింగు కాస్త తిప్పడం, మళ్లీ వదలడం. అలాంటప్పుడు వాడి నోరు కొద్దిగా తెరుచుకుంటుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు అచ్చియమ్మకూ అంతే. నేను అటు తిరిగి కూర్చున్నాను.

ఆదివారం గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. ట్రయల్ రౌండులోనే కారు మట్టిగడ్డ తగిలిన ప్రతిసారీ ఎగిరి పల్టీ కొట్టింది.

"మావా, నీ కారు కప్పగెంతులేత్తంది" అన్నాడొక కుర్రాడు. అందరూ నవ్వారు.

వాడు స్ప్రింగులు వదులు చేశాడు. మళ్లీ పల్టీ.

"నిన్న బాగానే ఉంది బావా" అన్నాడు.

నేను కారును అరచేత్తో అదిమి చూశాను. కుంగడం లేదు. స్ప్రింగులో తప్పు లేదు, ఆముదం చలికి చిక్కబడింది. అచ్చియమ్మ నా మోకాళ్లకు రాసేముందు ఆముదం గిన్నెను నిప్పుల మీద పెట్టేది. చలికి అది చేతికి సాగేది కాదు.

చెప్పకపోతే వాడు ఓడిపోతాడు. నేను ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు.

వాడు రిమోట్ పక్కన పెట్టి గట్టు మీద కూలబడ్డాడు. "పోన్లే బావా. నాటుకోడి కొయ్యమని ఇంట్లో సెప్పేసినాను. ఒగ్గేయమని ఫోన్ సేత్తాను."

నేను కారును కప్పుకున్న దుప్పటి లోపలికి తీసుకుని పొట్టకు ఆనించుకున్నాను. మంచుముక్కలా ఉంది.

"ఏటి సేత్తన్నావు బావా?"

"నోరు ముయ్. నీ ఆముదం బిగిసిపోనాది, తెలివితక్కువోడా."

"ఫోన్ సెయ్యనా మరి?"

"వద్దు."

పందానికి పేరు పిలిచేదాకా కారు ఇవ్వలేదు. అది గతుకుల్లో కుంగుతూ లేస్తూ, నేలను వదలకుండా పోయింది. వాడే ముందొచ్చాడు.

మధ్యాహ్నం అనంతగిరిలో వాడింట్లో తిన్నాను. కూరలో కారం ఎక్కువైంది. వాడు అక్క మట్టికి రాలేదు, అది అలాగే ఉంది. తను ఓడిపోతే నేను రానక్కర్లేదు కదా, మరి కారును ఎందుకు వెచ్చబెట్టావని వాడు అడిగాడు. వాడి పెళ్లాం నాగలక్ష్మి కూడా అన్నం వడ్డిస్తూ అడిగింది.

ఇంకోసారి అడిగితే చెయ్యి కడుక్కుంటానన్నాను. వాళ్లకు చెప్పలేదు. ఎవరికీ చెప్పను.