నీలం అడిగిన పేరు

ఆ ప్లేటును సుచిత్ర మరచిపోలేదు. కావాలనే బయట పెట్టింది. ఈ మాట ఆమె ఇంతవరకు ఎవరితోనూ పైకి అనలేదు. రాత్రిళ్లు నోటుబుక్కులో మాత్రం నాలుగైదు సార్లు రాసుకుంది. రాసిన ప్రతిసారీ ఆ పేజీలను స్టేప్లర్‌తో కొట్టి మూసేసింది.

లోకానికి తెలిసిన కథ వేరు. దిల్‌సుఖ్‌నగర్‌ చీరల షాపులో పనిచేసే రామస్వామి కూతురు, బీకాం చదివే పిల్ల, ఎవరూ నేర్పకుండానే ఫోన్‌లో వీడియోలు చూసి, పాత పుస్తకాలు కొనుక్కుని జీవశాస్త్రం నేర్చేసుకుంది. ఎల్‌బీ నగర్‌లోని తన కాలేజీలో సైన్సు పిల్లలు కొందరు నీలిరంగు తయారుచేసే బాక్టీరియా ప్రాజెక్టు పెట్టుకుంటే, వాళ్లను బతిమాలి అందులో చేరింది. రెండు నెలలపాటు బాక్టీరియా పెంచే ఏ గాజు ప్లేటు తెరిచినా తెలుపే. ఒక శుక్రవారం సాయంత్రం ఈ పిల్ల ఒక ప్లేటును వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లో పెట్టడం మరచిపోయి ఇంటికెళ్లిపోయింది. సోమవారం వచ్చేసరికి బల్ల మీది ఆ ప్లేటు నిండా నీలి చుక్కలు. లోకల్ పేపరువాళ్లు ఫొటో తీసి "మరుపు తెచ్చిన మెరుపు" అని వేశారు. రామస్వామి ఆ కటింగును లామినేషన్ చేయించి, సేటును అడిగి, షాపులో గల్లా వెనక గోడకు అతికించాడు. చీర కొన్న ప్రతి ఆడమనిషీ చిల్లర తీసుకుంటూ అది చదవాల్సిందే.

ఆ గురువారం కూడా సుచిత్ర ఎప్పటిలాగే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎల్‌బీ నగర్‌లో దిగి, మెట్ల కింద విజయవాడ బస్సులవాళ్ల కేకల మధ్యనుంచి కాలేజీకి నడిచింది. మూడో అంతస్తు ల్యాబులో ఆమె జట్టుమనిషి తేజస్విని అప్పటికే తెల్లకోటు వేసుకుని పెద్ద ఫ్లాస్కు ముందు నిలబడి ఉంది. ప్రాజెక్టుకు పెద్దదిక్కయిన సాంబమూర్తి సారు కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. మర్నాడు పొద్దున పదింటికి పోటీకి వీడియో పంపాలి. వీడియోలో నూలు చిలప, అంటే పోగుల కట్ట, ఒకటి ఫ్లాస్కులో మునిగి నిండు నీలంగా, ఇంకు సీసా రంగుతో పైకి రావాలి. అది రాకపోతే ఏడాది పనికి సాక్ష్యం లేదు.

"పేర్లు మొదలుపెట్టండమ్మా," అన్నాడు సారు.

ఇది వాళ్ల పద్ధతిలో ఏడో మెట్టు. ల్యాబు రిజిస్టరులో సారు స్వయంగా రాశాడు: "ఫ్లాస్కు తిప్పే యంత్రం ఆపి, తోడ్పడినవారి పేర్లు స్పష్టంగా చదవాలి. తొందరపడరాదు."

రంగుకు కావలసిన జన్యువు దొరికింది సుచిత్ర నాయినమ్మ రాధమ్మ రంగు బాన అడుగు మడ్డిలో. పోచంపల్లి పక్క ఊళ్లో రాధమ్మ ఇంకా నీలి బాన పెట్టుకుని నూలు అద్దుతుంది. సుచిత్ర ఆ మడ్డిని స్టీలు టిఫిన్ డబ్బాలో బస్సు మీద తెచ్చింది. జన్యువుతోపాటు బాన అలవాటు కూడా వచ్చేసింది. మొదటి ప్లేటు ఊరికే నీలమయింది. తరవాత దాన్నే ఫ్లాస్కులో పెంచితే తెల్లగానే ఉండిపోయింది. ఫోన్ చేస్తే రాధమ్మ అంది, "మొదటిసారి ఊరికే ఇస్తది బిడ్డా, నేర్చుకునేటోళ్లకు. రెండోసారి కాంచి నీకెవలు నేర్పిన్రని అడుగుతది. పేర్లు చెప్పాలె." చెప్పారు. ఒక్కో పేరుకూ రంగు ఒక్కో మెట్టు ముదిరింది. సారు కొలత తీసి గ్రాఫు గీశాడు. గీత చక్కగా వచ్చింది.

తేజస్విని కాగితం పట్టుకుని చదవసాగింది. రాధమ్మ. సాంబమూర్తి సారు. సెలవు రోజుల్లో కూడా చంపాపేట్ నుంచి సైకిలు మీద వచ్చి తాళం తీసిన అటెండర్ స్తెఫను. కరెంటు పోయిన మూడు రోజులూ తన ఐస్‌క్రీం ఫ్రిజ్‌లో ట్యూబులకు చోటిచ్చిన క్యాంటీన్ లింగమ్మ. జన్యువు వరస సరిచూసి పంపిన యూనివర్సిటీ మేడం. అట్లా ముప్పై ఒక్కటి. ఫ్లాస్కు పాలరంగు నుంచి లేత నీలానికి, అక్కణ్నుంచి స్కూలు చొక్కా రంగుకు వచ్చి ఆగిపోయింది.

"ఆగింది సార్. నిన్నటి లెక్కనే," అంది తేజస్విని. "ఒక్క మెట్టు తక్కువ. ఎవర్నో మర్చిపోయినం."

"చీఫ్ గెస్టుగారి పేరు చదివారా?"

"పోస్టర్‌ల ఉంది గదా సార్. ఇక్కడ చదవలే."

చదివింది. ఫ్లాస్కు రంగు వెనక్కి పోయింది.

"చూసినవా సుచీ, దీని కథ! ఆయన రిబ్బన్ కత్తిరిచ్చి సమోసా తిని పోయిండు, గంతే. దీనికెవరు చెప్పిన్రే?"

"పోస్టర్లో ఉంచండి," అన్నాడు సారు నిదానంగా. "దీనికి మాత్రం చదవకండి. మళ్లీ మొదట్నుంచి రావాలి."

మళ్లీ ముప్పై ఒక్కటి చదివారు. మళ్లీ స్కూలు చొక్కా రంగే. తేజస్విని తన అన్న పేరు చేర్చి చూసింది, జిరాక్సు షాపతని పేరు చేర్చి చూసింది. ఫ్లాస్కు కదల్లేదు. సుచిత్ర చేతులకు గ్లౌజులు తొడిగి విప్పుతూ ఉండిపోయింది. తిని వచ్చి ఆలోచిద్దాం అంటూ ఇద్దరూ క్యాంటీన్‌కు దిగారు. ఆకలి లేదని సుచిత్ర ఆగిపోయింది.

వాళ్ల అడుగుల చప్పుడు మెట్ల మీద పోయాక ఫ్లాస్కు దగ్గరికి వంగి మెల్లగా అంది.

"సాధన."

ఏమీ కాలేదు.

"సాధనక్క," అంది మళ్లీ. నూలు పోగు ఒకటి ముంచి తీసింది. అదే లేత రంగు.

సాధన ఎల్‌బీ నగర్ గల్లీలో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్‌లో టెక్నీషియన్. రెండేళ్ల కింద సుచిత్ర, వాళ్ల నాన్న షుగర్ రిపోర్టు కోసం పోయి, కిటికీలోంచి తొంగిచూస్తూ అదేంది, ఇదేందని అరగంట అడిగింది. లోపలి మనిషి చివరికి విసుక్కుంది. "ఏం చెల్లె, రిపోర్టు కావాల్నా, ల్యాబే కావాల్నా?" సుచిత్ర సిగ్గులేకుండా "ల్యాబే" అంది. సాధన పకపక నవ్వింది.

ఆ నవ్వుతో మొదలైంది. ఆదివారాలు సాధన చర్చి నుంచి వచ్చేసరికి సుచిత్ర చంపాపేట్‌లో ఆమె కిరాయి గది ముందు కూచుని ఉండేది. ఎనిమిది నెలలు. కుక్కర్‌లో గాజు గిన్నెలు పెట్టి ఎన్ని కూతలకు దించాలో, ప్లేట్లలో పోసే చైనా గ్రాస్ ఎంత పలచగా కాచాలో, తీగను ఎర్రగా కాల్చి పది అంకెలు లెక్కపెట్టాకే దానితో ప్లేటు మీద గీత ఎందుకు గీయాలో అన్నీ పెరుగులోని బాక్టీరియా మీద నేర్పింది. "చెయ్యి వణికితే గీత వణుకుతది. ఊపిరి బిగబట్టు, పండుగల ముగ్గు ఏస్తలేవు నువ్వు." వీడియోలు సుచిత్ర చూసిన మాట నిజమే. వీడియో మణికట్టు పట్టుకుని సరిచెయ్యదు కదా.

ప్లేట్లు రెండు నెలలు తెల్లగా ఉన్నప్పుడు మెట్రో మెట్ల దగ్గర మిర్చి బజ్జీ తింటూ సుచిత్ర ఏడుపు మొహంతో చెప్పుకుంది. సాధన నోట్లో బజ్జీ ఉండగానే అడిగింది: "ముప్పై ఏడు డిగ్రీలల్ల పెడుతున్నరా? ఆ వేడి మనిషి కడుపుల పుట్టిన బాక్టీరియాకు చెల్లె. మీ నాయినమ్మ బాన ఏడుంటది? నీడల. ఇంట్ల పెద్దమనిషి లెక్క కూసుంటది. బయటనే పెట్టు. మూడు దినాలు ముట్టకు."

మర్చిపోయిన ప్లేటు సంగతి అదీ. సోమవారం అందరూ చుట్టూ చేరి ఎట్లయిందే, ఎట్లయిందే అంటుంటే, సార్ ఆజ్ఞ లేకుండా బయట పెట్టానంటే తిడతాడని భయపడి "మర్చిపోయిన" అంది. అంత చిన్న అబద్ధం. మధ్యాహ్నానికి పేపరువాళ్లు వచ్చారు. మర్నాటికి ఆ అబద్ధం గల్లా వెనక గోడకు ఎక్కింది. ఎవరూ నేర్పని పిల్ల అనే మాట చదివినప్పుడు సుచిత్రకు తియ్యగా అనిపించింది. ఆ తీపినే ఆమె స్టేప్లర్ కింద మూసి పెట్టింది.

నెల కింద సాధన ఫోన్ చేసింది. "మీ కాలేజీల ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు పడ్డది చూసినవా? రక్తం, మూత్రం తప్ప నేనేం చేసిన్నో చూపియ్యమంటున్రు. మీరు థాంక్స్ పేజీ రాస్తరు గదా, అండ్ల నా పేరు ఒక్క లైను ఏస్తే సాలు. ఇక్కడ సెంటర్ మూసేస్తరంట చెల్లె, ఈ నెలాఖరుకు." చూస్తనక్కా అంది సుచిత్ర. ఆ తరవాత మూడుసార్లు ఫోన్ మోగితే ఎత్తలేదు. నాలుగోసారి మోగలేదు.

సుచిత్ర ఇప్పుడు నాయినమ్మకు ఫోన్ చేసింది.

"పేరు చెప్పిన నాయినమ్మా. అందరి పేర్లూ అయినయ్. ఒకటి మిగిలితే అది గూడ చెప్పిన. రంగు ముదురుతలేదు."

"ఎవల పేరు?"

"ఒక అక్క. నాకు పని నేర్పింది."

"ఉన్నదా, పోయిందా?"

"అయ్యో, ఉన్నది. చంపాపేట్‌ల ఉంటది."

రాధమ్మ అవతల చిలప పిండుతున్నట్టుంది, నీళ్ల చప్పుడు వినిపించింది. "మరి బానకు చెప్తే ఏమొస్తదే పిచ్చిపిల్లా? పోయినోళ్ల పేరు బానకు చెప్తరు, వాళ్లకింక చెవులు లెవ్వు గనక. బతికున్నోళ్ల పేరు వాళ్ల చెవులనే పడాలె. మీ తాత దగ్గర నేను అద్దకం నేర్చుకున్న. ఆయన ఉన్నన్ని దినాలు పొద్దున్నే మొకం మీదనే అన్న, నువ్వు నేర్పినవని. తిట్టుకుంటనే అన్న."

"మరి మిగతావాళ్ల పేర్లు ఫ్లాస్కుకే చెప్పినం గదా."

"మొన్న మిఠాయి డబ్బాలు పట్టుకోని అందరి ఇండ్లకు తిరిగొచ్చినమన్నవు. అప్పుడు చెప్పలేదా?"

చెప్పారు. లింగమ్మకు, స్తెఫనుకు, అందరికీ ఎదురుగా నిలబడి దండం పెట్టి చెప్పారు. పోస్టర్ అచ్చుకు పోయే ముందు సారు అట్లా తిప్పాడు. ముప్పై ఒక్క డబ్బాలు.

ఫోన్ పెట్టేసేసరికి సారు, తేజస్విని గుమ్మంలో ఉన్నారు. తేజస్విని ఆమె కోసం ప్లేటులో పులిహోర తెచ్చింది.

"సార్, ఆ ప్లేటు నేను మర్చిపోలే," అంది సుచిత్ర. ఆగితే మళ్లీ అనలేనని ఆగకుండా అంతా చెప్పేసింది. కుక్కర్ కూతల నుంచి ఎత్తని ఫోన్ల దాకా.

తేజస్విని పులిహోర ప్లేటు బల్ల మీద పెట్టింది. "అంటే మరుపూ లేదు, మెరుపూ లేదా? మా అమ్మ ఆ పేపర్ చూపెట్టుకుంట నన్ను రెండు నెలలు తిట్టిందే! ఎవరూ నేర్పకుండనే ఆ పిల్ల, ఇంత ఫీజు కట్టి నువ్వూ అని." కళ్లలో నీళ్లు తిరిగాయి ఆమెకు, కోపంతోనే. "ఆ తిట్లు నాకు వాపస్ ఎవరిస్తరు?"

"సారీ తేజూ."

"సారీ నాకెందుకు, ముందుగాల ఆ అక్కకు చెప్పు."

సారు తిట్టలేదు. బీరువా తెరిచి టెక్నీషియన్ పోస్టు అప్లికేషన్ల ఫైళ్లు రెండు తీశాడు. ఒకటి పలచన, ఒకటి లావు. లావు ఫైలులో కాగితాలు తిప్పుతూ వెళ్లి ఒకచోట ఆగాడు. "సాధన. తండ్రి ఇశ్రాయేలు. చంపాపేట్. ఈ అమ్మాయేనా?"

అప్లికేషన్ ఫొటోలో సాధన నవ్వకుండా ఉంది. అనుభవం అన్న గడిలో డయాగ్నస్టిక్ సెంటర్ పేరు రాసి, దాని కింద చిన్న అక్షరాలతో ఇంకేదో రాసి కొట్టేసింది. కొట్టేసిన గీతల కింద సుచిత్ర తన సొంత పేరును గుర్తుపట్టగలిగింది.

"పరిశోధన పని ఏమీ లేదని నేనే పక్కన పెట్టానమ్మా," అన్నాడు సారు. "ఇంటర్వ్యూకి పిలవాల్సినవాళ్ల జాబితా ఇవాళ ఐదింటికి ఆఫీసుకి వెళ్లిపోతుంది. నువ్వు చెప్పిందంతా కాగితం మీద పెట్టు. ఏం నేర్పింది, ఎంతకాలం, ఆ ప్లేటు ఎవరి ఆలోచన. మెరుగులు దిద్దకు. కింద నేనూ సంతకం పెడతాను. ఇంటర్వ్యూలో ఆ అమ్మాయి సంగతి ఆ అమ్మాయే చూసుకుంటుంది."

సుచిత్ర రాసింది. రెండు పేజీలు. రాస్తున్నప్పుడు గల్లా వెనక గోడ గుర్తొచ్చింది. అతికించిన కాగితం ఊడబెరికితే సున్నం కూడా ఊడొస్తుంది. నాన్న ఏమంటాడో తెలియదు. రాసిన కాగితాలను సారు అప్లికేషన్‌కు జతచేశాడు, స్టేప్లర్ చప్పుడుకు ఆమె ఉలిక్కిపడింది. అప్లికేషన్ లావు ఫైలులోంచి పలచని ఫైలులోకి మారింది.

గడియారం మూడున్నర. ఫ్లాస్కు స్కూలు చొక్కా రంగులోనే ఉంది.

"ఇప్పుడు చెయ్ ఫోన్," అంది తేజస్విని. కోపం ఇంకా పోలేదు కానీ చేతిలో నూలు చిలప సిద్ధంగా పట్టుకుంది. "స్పీకర్ పెట్టి ఫ్లాస్కు పక్కన పెట్టు. ఆమె వింటది, ఇది గూడ వింటది. అయిపోతది."

సుచిత్ర ఫోన్ తీసింది. "సాధనక్క ల్యాబ్" అన్న పేరు ఆమె ఎప్పుడూ తీసేయలేదు. దాని కింద ఎత్తని ఫోన్లు మూడు, ఎర్రగా.

ఫ్లాస్కు వైపు ఒకసారి చూసింది. నీలం కోసం ఫోన్ చేస్తే సాధనక్కకు తెలిసిపోతుంది. గొంతు వణికితే కనిపెడుతుంది, గీత వణికితే కనిపెట్టినట్టే.

"ఇక్కడ వద్దు తేజూ," అంది.

గ్లౌజులు విప్పి బల్ల మీద పెట్టింది. ల్యాబు తలుపు తన వెనక దగ్గరగా వేసి, వరండా చివరికంటా నడిచింది. కింద రోడ్డు మీద కండక్టర్ ఎవరో సూర్యాపేట, సూర్యాపేట అని పిలుస్తున్నాడు. ఇంత దూరం నుంచి ఫ్లాస్కుకు ఏమీ వినపడదు. వినపడకపోయినా సరే అనుకుంది సుచిత్ర. ఊపిరి బిగబట్టి, పది అంకెలు లెక్కపెట్టి, ఆ పేరు మీద వేలు పెట్టింది.